నవంబర్‌లో పుట్టిన రాజుకి జూన్‌లో సెలవేంటి?

గోదారిగాలి (మెల్బోర్న్)

ఇక్కడికి వచ్చాక నాకిదే మొదటి జూన్. 2025 జూన్ 9వ తేదీ సోమవారం సెలవని క్యాలెండర్‌లో చూసి తెగ సంతోషపడ్డాను. పేరు చూస్తే కింగ్స్ బర్త్‌డే. రాజుగారికి ఎన్నేళ్లు నిండుతున్నాయని లంచ్‌లో మా టీమ్ లీడ్‌ని అడిగాను. ఆయన ఫోన్ తీసి వెతికి, "అరే, నవంబర్‌లో పుట్టాడట!" అని నాకంటే ఎక్కువ ఆశ్చర్యపోయాడు. ఆయన పుట్టి పెరిగింది ఇక్కడే.

చార్లెస్ పుట్టింది 1948 నవంబర్ 14. అంటే మన నెహ్రూగారి పుట్టినరోజు, బళ్లో చాక్లెట్లు పంచే రోజు. మరి ఈ జూన్ సెలవు ఎక్కడిది? బ్రిస్బేన్‌లో ఉన్న మా బావేమో మాకు అక్టోబర్‌లో వస్తుందంటాడు. దేశం ఒకటే, రాజు ఒకడే, పుట్టినరోజులు రెండా?

ఇంకో మాట. దొరలను సాగనంపామని ఆగస్టు 15న జెండాకి సెల్యూట్ కొట్టి పెరిగినవాళ్లం. ఇప్పుడు అదే సింహాసనం మీదున్న ఆయన పేరు చెప్పుకుని సెలవు పుచ్చుకుని, మంచు చూద్దామని మౌంట్ బుల్లర్‌కి కార్లేసుకుని పోతున్నాం. నాకైతే ఎబ్బెట్టుగా ఉంది. మీకెవరికీ అనిపించలేదా?

పాతకాపు (సిడ్నీ)

రెండు కాదు, మూడు. పెర్త్ వాళ్లకి సెప్టెంబర్ చివర్లో వస్తుంది.

కథ 1788లో మొదలైంది. ఖైదీల ఓడలు సిడ్నీలో దిగి ఐదు నెలలు కూడా కాలేదు, జూన్ 4 మూడో జార్జి పుట్టినరోజని గవర్నర్ ఆర్థర్ ఫిలిప్ సెలవిచ్చాడు. తర్వాత ఏ రాజు వస్తే ఆ రాజు పుట్టినరోజుకి సెలవు మారుతూ వచ్చింది. ఐదో జార్జి పుట్టింది జూన్ 3న. ఆయన 1936 జనవరిలో పోయాడు. అప్పటికి జనం జూన్‌కి అలవాటు పడిపోయారు. ఆరో జార్జి పుట్టింది డిసెంబర్ 14న, క్రిస్మస్ సెలవుల ముంగిట. ఎలిజబెత్ పుట్టింది ఏప్రిల్ 21న, అన్జాక్ డే అనే సైనికుల స్మారక సెలవుకి నాలుగు రోజుల ముందు. ఇద్దరినీ తెచ్చి జూన్‌లోనే కూర్చోబెట్టారు. 2022లో రాణి పోయాక క్యాలెండర్‌లో క్వీన్స్ తీసేసి కింగ్స్ అని రాశారు, అంతే.

అధికారిక పుట్టినరోజు అనేది అసలు బ్రిటన్ అలవాటే. ఏడో ఎడ్వర్డ్ పుట్టింది నవంబర్‌లో. ఆ చలిలో, వానలో కవాతు ఎలా చేస్తామని వేసవికి జరిపారు. వాళ్లు ఎండ కోసం ఎంచుకున్న జూన్ మనకి సరిగ్గా చలికాలం. అది చూసే నాకు నవ్వొస్తుంది.

మా న్యూ సౌత్ వేల్స్ (ఎన్‌ఎస్‌డబ్ల్యూ) రాష్ట్రంలో ఉన్నవాళ్లకి ఒక హెచ్చరిక కూడా. ఈ వీకెండ్ డబుల్ డీమెరిట్స్, అంటే డ్రైవింగ్ తప్పులకి లైసెన్స్‌లో పోయే పాయింట్లు రెట్టింపు. డ్రైవ్ చేస్తూ ఫోన్ పట్టుకుంటే మామూలుగా 5 పాయింట్లు, ఇప్పుడు 10. కొత్తగా లైసెన్స్ వచ్చిన ఎర్ర పీ ప్లేట్ పిల్లలకి మొత్తం ఉండేదే 4. రాజుగారి మీద అభిప్రాయం తర్వాత చూసుకోవచ్చు, ముందు ఫోన్ డాష్‌బోర్డులో పడేయండి.

స్వాన్‌తీరం (పెర్త్)

మాకు జూన్ మొదటి సోమవారం వెస్టర్న్ ఆస్ట్రేలియా డే. 1829లో ఇక్కడ కాలనీ పెట్టినందుకు. వెంటనే ఇంకో సోమవారం సెలవంటే కుదరదు కదా, అందుకని రాజుగారిని సెప్టెంబర్‌కి తోశారు. ఏటా గవర్నర్ తేదీ ప్రకటించాలి. ఈసారి 29. ఉత్తరాన గనుల పట్టణాల్లో కొన్నిచోట్ల అదీ కాదు, వేరే రోజు. అంటే మా రాష్ట్రం ఒక్కదానిలోనే రాజు ఒకటికి రెండుసార్లు పుడతాడు.

నేను నర్సుని. ఎక్కువ జీతం వచ్చే సెలవు రోజు రోస్టర్ కోసం వార్డులో జరిగే పోటీ చూస్తే గోదారిగాలి గారికి ఎబ్బెట్టు పోతుంది. రాచరికం రద్దు చేయాలని టీ బ్రేకులో ఉపన్యాసం ఇచ్చేవాళ్లే పబ్లిక్ హాలిడే షిఫ్టుకి అందరికంటే ముందు పేరు రాసుకుంటారు.

కాకతీయకుర్రోడు (బ్రిస్బేన్)

మా అక్టోబర్ వెనక రాజకీయం ఉందండీ. ఒక ప్రభుత్వం వచ్చి మే నెలలో ఉన్న లేబర్ డేని అక్టోబర్‌కి తీసుకుపోయింది. తర్వాత వచ్చిన ప్రభుత్వం, కార్మికుల పండుగ మేలోనే ఉండాలని వెనక్కి తెచ్చింది. మరి అక్టోబర్ ఖాళీ అయిపోయింది కదా, అక్కడ రాణిగారిని పెట్టారు. 2016 నుంచి అదే లెక్క, అక్టోబర్ మొదటి సోమవారం. కార్మికుల రోజు కదిపితే యూనియన్లు ఊరుకోలేదు. రాణిగారి రోజు కదిపితే మాత్రం పెద్దగా పట్టించుకున్న నాథుడు లేడు.

రాత్రిషిఫ్ట్ (మెల్బోర్న్)

గోదారిగాలి అన్నా, మీకు ఎబ్బెట్టు, నాకు అద్దె. హోటళ్లలో, షాపుల్లో క్యాజువల్‌గా చేసేవాళ్లకి పబ్లిక్ హాలిడే రోజు మామూలు గంట రేటుకి రెండున్నర రెట్లు రావాలి. స్టూడెంట్ వీసాకి రెండు వారాలకి 48 గంటలే పరిమితి కాబట్టి, ఆ గంటలు ఏ రోజున పడతాయన్నది మాకు చాలా ముఖ్యం. సంవత్సరంలో ఉన్న పబ్లిక్ హాలిడేలన్నీ నాకు నోటికి వచ్చు.

అయితే ఆ రేటు అందరికీ రాదు. పోయినేడు నేను చేసిన రెస్టారెంట్ ఓనర్ మనవాడే, పేరొద్దులే. కింగ్స్ బర్త్‌డే అయినా కనకయ్య బర్త్‌డే అయినా చేతిలో అదే పద్దెనిమిది డాలర్లు, అదీ క్యాష్. బిల్లు మీద మాత్రం కస్టమర్ దగ్గర 15 శాతం హాలిడే సర్‌ఛార్జి వసూలు చేసేవాడు. అడిగితే "తమ్ముడూ, నేనూ ఇలాగే పైకొచ్చా" అంటాడు.

స్వాన్‌తీరం (పెర్త్)

రాత్రిషిఫ్ట్, ఏ రోజు ఎన్ని గంటలు చేశావో రాసిపెట్టుకో. రోస్టర్ ఫోటోలు, మెసేజ్‌లు దాచుకో. ఇలాంటి ఫిర్యాదులు చూసే ప్రభుత్వ సంస్థ ఫెయిర్ వర్క్ ఆంబుడ్స్‌మన్‌కి పేరు చెప్పకుండా కూడా తెలియజేయవచ్చు. వీసా పోతుందని భయపెడతారు చూడు, ఆ భయమే వాళ్ల పెట్టుబడి.

నిర్మొహమాటం (లండన్)

మీ గోల చదువుతుంటే కడుపు మండుతోంది. రాజు ఉండేది మా ఊళ్లో, ఆయన పుట్టినరోజుకి సెలవు మాత్రం మాకు లేదు. జూన్‌లో ఒక శనివారం ఎర్రకోట్లు, గుర్రాలు, బ్యాండ్ మేళం, ట్రూపింగ్ ద కలర్ అంటారు. సోమవారం యథావిధిగా ఆఫీసు. ఆయన పట్టాభిషేకానికి 2023 మే 8న ఒకరోజు ఇచ్చారు, రాణిగారి అంత్యక్రియలకి 2022 సెప్టెంబర్ 19న ఒకరోజు. పన్ను మేం కడుతున్నాం, మంచు మీరు చూస్తున్నారు.

నా మటుకు రాచరికంతో పేచీ లేదు. ఎన్నికలైన మర్నాడు ఓడిన ప్రధాని సామాన్లు సర్దుకుని వెళ్లిపోతే, పైన ఎవరో ఒకరు కదలకుండా ఉన్నారన్న ధీమా జనానికి ఉంటుంది. అధికారం లేని పెద్దాయన ఇంట్లో ఉంటే నష్టమేంటి?

గోదారిగాలి (మెల్బోర్న్)

> అధికారం లేని పెద్దాయన ఇంట్లో ఉంటే నష్టమేంటి?

మన ఇంట్లో పెద్దాయన అయితే నష్టం లేదండీ. ఈయన పక్కవాళ్ల ఇంటి పెద్దాయన. ఇక్కడినుంచి పదిహేడు వేల కిలోమీటర్ల దూరంలో ఉంటాడు. పైగా వాళ్ల పూర్వీకులు మన ఇంటికి ఏ పని మీద వచ్చారో మనకి తెలుసు కదా.

మంచుమల్లె (బ్రాంప్టన్, కెనడా)

మాది ఇంకా విచిత్రం. మీకు బతికున్న రాజు పుట్టినరోజు. మాకు 1901లోనే పోయిన విక్టోరియా రాణి పుట్టినరోజు. ఆవిడ పుట్టింది 1819 మే 24న. మే 25కి ముందొచ్చే సోమవారం సెలవు. ఈ ఏడు 19న వచ్చింది.

అయితే విక్టోరియా డే అంటే ఇక్కడ మా తెలుగు ఆడవాళ్లందరికీ ఒకటే అర్థం, నారు బయట పెట్టే రోజు. మార్చి నుంచి కిటికీ దగ్గర పెరుగు డబ్బాల్లో పెంచిన గోంగూర, బెండ, వంగ మొక్కల్ని ఆ వీకెండ్ దాటేదాకా పెరట్లోకి తేకూడదు, తెస్తే రాత్రి మంచుకి మాడిపోతాయి. ఇది తెల్లవాళ్లు చెప్పిన లెక్కే. ఒకసారి మా ఆడపడుచు తొందరపడి మే మొదటి వారంలో నాటేసింది. తెల్లారేసరికి గోంగూర నల్లగా ఉడికించినట్టు వాలిపోయింది. రాణిగారు మాకు పంచాంగంగా పనికొస్తున్నారు.

కానీ ఎబ్బెట్టు సంగతి అడిగారు కాబట్టి చెప్తాను. సెలవుకి కాదు, పౌరసత్వం అప్పుడు పడ్డాను నేను ఆ ఇబ్బంది. కెనడా ప్రమాణంలో రాజు పేరు ఉంటుంది. హిజ్ మెజెస్టీ కింగ్ చార్లెస్ ద థర్డ్, కింగ్ ఆఫ్ కెనడా, ఆయన వారసులు, వాళ్ల తర్వాతి వాళ్లు, వీళ్లందరికీ విశ్వాసంగా ఉంటానని చెయ్యెత్తి చెప్పాలి. మాది ఆన్‌లైన్‌లో జరిగింది. మా మామగారు అప్పుడు ఇక్కడే ఉన్నారు. ఆయన తండ్రిగారు క్విట్ ఇండియాలో రాజమండ్రి జైల్లో ఉన్నవారు. నేను చీర కట్టుకుని లాప్‌టాప్ ముందు నిలబడి ఆ మాటలు చెప్తుంటే మామగారు పక్క గదిలోంచి వింటున్నారు. అయ్యాక బయటికొచ్చి, "ఎవరి పేరమ్మా అది చెప్పింది?" అన్నారు. చెప్పాను. కాసేపాగి, "సరేలే, మా నాన్న ఈ కాగితం చూడకుండా పోయారు" అని నవ్వారు. ఆ నవ్వుకి నాకు ఏం చెప్పాలో తెలియలేదు.

దీని మీద కోర్టుకి వెళ్లినవాళ్లున్నారు. రాణి అంటే ఇక్కడ ఒక మనిషి కాదు, మన ప్రభుత్వ విధానానికి గుర్తు మాత్రమేనని 2014లో ఒంటారియో అప్పీల్ కోర్టు కేసు కొట్టేసింది. చట్టం ప్రకారం సరే. చెయ్యెత్తినప్పుడు గొంతులో తగిలేది మాత్రం మనిషి పేరే.

పాతకాపు (సిడ్నీ)

మంచుమల్లె గారూ, ఆ బాధ మాకు తప్పింది. ఆస్ట్రేలియా 1994లోనే ప్రమాణంలోంచి రాణి పేరు తీసేసింది. ఇప్పుడు ఆస్ట్రేలియాకి, ఇక్కడి ప్రజలకి విధేయులమని చెప్తాం. నేను చెప్పింది అదే.

ఆ తర్వాత వచ్చిందే 1999 నవంబర్ 6 రెఫరెండం. పౌరుడిగా నాకది తొలి పెద్ద ఓటు. రాణి స్థానంలో అధ్యక్షుడు కావాలా వద్దా అని. దాదాపు 55 శాతం వద్దన్నారు. అంతమంది రాణిగారి భక్తులని అనుకోవద్దు. పెట్టిన పద్ధతి ఏంటంటే పార్లమెంటులో మూడింట రెండొంతుల మంది కలిసి అధ్యక్షుణ్ణి ఎంపిక చేయడం. "రాజకీయ నాయకులు ఎన్నుకునే అధ్యక్షుడు మాకొద్దు, మేమే ఎన్నుకుంటాం" అన్న రిపబ్లికన్లు కూడా వెళ్లి నో కొట్టి వచ్చారు. మా ఫ్యాక్టరీలో నా పక్క మెషీన్ మీద చేసే ఐరిష్ ఆయన రాచరికం పేరెత్తితే బూతులు తిట్టేవాడు. ఆయన వేసింది నో.

అప్పటినుంచి ఆ ఫైలు కదల్లేదు. రాజ్యాంగం మార్చాలంటే దేశం మొత్తం మీద మెజారిటీతో పాటు ఆరు రాష్ట్రాల్లో కనీసం నాలుగింట మెజారిటీ రావాలి. 2022లో రిపబ్లిక్ వ్యవహారాలకి ఒక సహాయ మంత్రిని పెట్టారు. పార్లమెంటుకి సలహా ఇచ్చే ఆదివాసీల సంఘం (వాయిస్) కోసం పెట్టిన రెఫరెండం 2023 అక్టోబర్‌లో ఓడిపోయాక ప్రభుత్వానికి ఇంకో రెఫరెండం పేరెత్తే ఓపిక లేదు. 2024లో ఆ పదవే ఎత్తేశారు. చడీచప్పుడు లేకుండా మారుతున్నవి వేరే. 5 డాలర్ల నోటు మీద రాణి తర్వాత రాజు బొమ్మ వేయబోమని, ఆదివాసీల సంస్కృతికి సంబంధించిన డిజైన్ వేస్తామని 2023లోనే చెప్పేశారు.

పేరాక్‌రావు (మలేషియా)

మా దగ్గర ఇలా మాట్లాడుకోం. తొమ్మిది మంది సుల్తానుల్లో ఒకరు ఐదేళ్ల చొప్పున దేశానికి రాజవుతారు. ఆయన పుట్టినరోజు సెలవు జూన్ మొదటి సోమవారం. అది కాక ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్ర సుల్తాన్ పుట్టినరోజు సెలవు, మా పేరాక్ రాష్ట్రంలో నవంబర్ మొదటి శుక్రవారం. మా ముత్తాతలు కొబ్బరి తోటల్లో పనికి వచ్చారు. నాలుగు తరాలుగా ఇక్కడే ఉన్నాం. రాజంటే ఇక్కడ గౌరవం నిజంగానే ఉంది, చట్టం కూడా ఉంది. ఇంతకంటే రాయను.

సిరిమాను (విజయనగరం)

నేను చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. మా అబ్బాయి ఆస్ట్రేలియాలో ఉన్నాడని ఈ చర్చలు చదువుతుంటాను. పేరాక్‌రావు గారు తక్కువ రాసినా సరైన మాట రాశారు. రాజుంటే ఒక రకం, రాజు నీడ ఉంటే ఇంకో రకం.

గోదారిగాలి బాబుకి ఒకటి చెప్తాను. రాజుల్ని వదిలించుకున్నామని మనం అనుకుంటాం గానీ, అంత తేలిగ్గా వదిలిపోయే సరుకు కాదది. మా ఊళ్లో దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. పూజారి కొసన కూర్చునే పొడవాటి మాను, అదే సిరిమాను, గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. మా ఊరి పాత రాజులు పూసపాటి వంశంవారు కోట బురుజు మీద కూర్చుని చూస్తారు. కింద లక్షల జనం. ఎన్నికల్లో వాళ్లకి వ్యతిరేకంగా ఓటేసినవాడు కూడా ఆ రోజు బురుజు వైపు తలెత్తి దండం పెడతాడు. అడిగితే, అది అమ్మవారి ఆడపడుచు తనానికి పెట్టే దండం అంటాడు. అమ్మవారు ఆ ఇంటి ఆడపిల్ల అని కదా నమ్మకం.

విశాఖలో ఒంట్లో బాగాలేకపోతే ఈరోజుకీ కేజీహెచ్‌కే, అంటే కింగ్ జార్జి ఆసుపత్రికే పోతాం. ఆ జార్జి ఎవరో రోగికీ తెలియదు, ఆటోవాడికీ తెలియదు. బెజవాడలో విక్టోరియా రాణి స్వర్ణోత్సవానికని 1887లో మ్యూజియం కట్టడానికి పునాది వేశారు. 1921లో కాంగ్రెస్ వాళ్లు బెజవాడలో సమావేశమైనప్పుడు పింగళి వెంకయ్యగారు గాంధీగారికి జెండా నమూనా చూపించింది ఆ ప్రాంగణంలోనే అంటారు. ఇప్పుడది బాపు మ్యూజియం.

ఇక నైజాం సంగతి. 1948 సెప్టెంబర్ 17న హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసింది. అంతటితో నిజాం మాయం కాలేదు, 1956 దాకా రాజప్రముఖ్ హోదాలో, అంటే గవర్నర్ లాంటి పదవిలో ఉన్నాడు. ఆ సెప్టెంబర్ 17ని ఏమని పిలవాలన్న తగువు ఇప్పటికీ తెగలేదు. కేంద్రం విమోచన దినం అంటుంది. తెలంగాణ రాష్ట్రంలో 2022లో ఉన్న ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినం అంది, 2024లో ఉన్న ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం అంది. ఎందుకంటే ఆ రోజు ఇంకా జనానికి నొప్పి ఉంది, రజాకార్లు గుర్తున్నారు, సాయుధ పోరాటం గుర్తుంది. మీ జూన్ సోమవారం మీద అలాంటి తగువు లేదంటే ఆ రోజులో రాజు ఎప్పుడో ఖాళీ చేసి వెళ్లాడని. ఖాళీ ఇంటికి రాళ్లెందుకు వేయడం?

స్వాన్‌తీరం (పెర్త్)

మాస్టారూ, నమస్తే. ఒక్క విషయంలో మీతో ఏకీభవించలేను. నొప్పి లేదన్నది మనలాంటి వలసవాళ్లకి. మా వార్డులో పనిచేసే ఒక నూంగార్ (ఇక్కడి ఆదివాసీ) ఆవిడ జనవరి 26న, ఆస్ట్రేలియా డే నాడు, డ్యూటీకి రాదు, ఆ రోజు ఆవిడకి సంతాపం. జూన్‌లో మాత్రం వస్తుంది. ఎందుకని అడిగితే, "ఆయన పుట్టినా పుట్టకపోయినా మా భూమి పోయేదే" అంది. 2024 అక్టోబర్‌లో రాజు ఇక్కడి పార్లమెంటుకి వచ్చినప్పుడు ఆదివాసీ సెనేటర్ లిడియా థార్ప్ "నువ్వు నా రాజువి కాదు" అని ముఖం మీదే అరిచింది కదా. ఇంట్లో ఎవరూ లేరని మనం అనుకుంటున్నాం, తలుపు కొడుతున్నవాళ్లు అనుకోవట్లేదు.

సిరిమాను (విజయనగరం)

అది ఆలోచించాల్సిన మాటే తల్లీ. ఆవిడ చెప్పినదాన్ని కాదనడానికి నా దగ్గర జవాబు లేదు.

కివీకోడలు (ఆక్లాండ్)

మాకు పోయిన సోమవారమే అయిపోయింది, జూన్ 2న. న్యూజిలాండ్ వాళ్లు పేరు మార్చే గొడవలోకి పోలేదు, పక్కన ఇంకోటి పెట్టారు. 2022 నుంచి మతారికి అని కొత్త సెలవు. చలికాలం తెల్లవారుజామున ఒక నక్షత్రాల గుంపు మళ్లీ కనబడితే ఇక్కడి మూలవాసులైన మావోరీలకి కొత్త సంవత్సరం. అవి మన కృత్తికలే! ఈసారి 20న. చీకట్లో లేచి బీచ్‌కి వెళ్లి చూస్తాం, ఆ ఏడు పోయినవాళ్ల పేర్లు తలుచుకుంటారు. మా అత్తగారు కార్తీక దీపం ఒకటి పట్టుకొచ్చి వెలిగించారు, ఎవరూ ఏమీ అనలేదు.

మొదట్లో ఇంకో సెలవెందుకు, జీతాలు దండగ అని షాపుల ఓనర్లు గొణిగారు. రాజు సెలవు తీసేసి దీన్ని పెట్టమన్నవాళ్లూ ఉన్నారు. తీయలేదు. ఈసారి ఒకే నెలలో రెండూ వచ్చాయి. మా పిల్లలు రెండోదాని కోసం మాత్రమే అలారం పెట్టుకుంటారు.

గోదారిగాలి (మెల్బోర్న్)

సోమవారం రాత్రి రాస్తున్నాను. బుల్లర్ వెళ్లలేదు. పక్కింటి ఆయన వాళ్ల ఇంట్లో ఫుట్‌బాల్ (ఇక్కడి ఆస్ట్రేలియన్ రూల్స్ ఆట) చూద్దాం రమ్మన్నాడు. మెల్బోర్న్, కాలింగ్‌వుడ్ టీమ్‌లు ఏటా ఈరోజు ఎంసీజీ స్టేడియంలో ఆడతాయట.

ఆట కంటే ముందు జరిగింది నాకు నచ్చింది. నీల్ డానిహర్ అని ఒకప్పటి ఆటగాడు, మెల్బోర్న్ కోచ్. ఆయనకి మోటార్ న్యూరాన్ జబ్బు, ఒక్కో కండరం పనిచేయడం మానేస్తుంది. 2015 నుంచి ఆ జబ్బు మీద పరిశోధనకి డబ్బు పోగుచేస్తున్నారు. పేరున్న వాళ్లంతా పిచ్చివేషాలు వేసుకుని జారుడుబల్ల మీదినుంచి ఐసు నీళ్ల తొట్లోకి జారి పడతారు. స్టేడియం నిండా నీలం ఊలు టోపీలు. పక్కింటి ఆయన తల్లి ఆ జబ్బుతోనే పోయిందట. టోపీ తీసి చేతిలో నలుపుతూ కూర్చున్నాడు. నా ఎబ్బెట్టు ఎక్కడికి పోయిందో తెలియదు. రోజంతా టీవీలో రాజు ముఖం ఒక్కసారి కూడా చూడలేదు నేను.

2025 ఆస్ట్రేలియన్ ఆఫ్ ద ఇయర్ కూడా ఆయనే. ఈ సెలవుకి ఆయన పేరు పెడితే పోలేదా?

పాతకాపు (సిడ్నీ)

సిడ్నీలో ఆ ఆట ఎవడు చూస్తాడయ్యా! మాకు రగ్బీ లీగ్. పేరు మార్చడానికి కూర్చుంటే ఒక్కో రాష్ట్రం ఒక్కో పేరు అడుగుతుంది, రిపబ్లిక్ వాళ్లకి, రాజభక్తులకి మళ్లీ కొట్లాట. మీ విక్టోరియాలో నవంబర్‌లో గుర్రప్పందానికే పబ్లిక్ హాలిడే ఉంది, దానికి ఏ సిద్ధాంతమూ అక్కర్లేకపోయింది. అదే రోజు వచ్చే గౌరవ పురస్కారాల జాబితాకి కూడా కింగ్స్ బర్త్‌డే హానర్స్ అనే పేరు. అందులో మనవాళ్లు ఉంటే ఫేస్‌బుక్ నిండా అభినందనలే, ఎవరికీ ఎబ్బెట్టు ఉండదు.

నిర్మొహమాటం (లండన్)

కెనడాలో ఫ్రెంచ్ మాట్లాడే కెబెక్ వాళ్లు పేరు మార్చుకోలేదా? మంచుమల్లె గారే చెప్పాలి.

మంచుమల్లె (బ్రాంప్టన్, కెనడా)

మార్చుకున్నారు. అదే సోమవారం వాళ్లకి 2003 నుంచి దేశభక్తుల దినం, 1837-38లో బ్రిటిష్ పాలన మీద తిరగబడినవాళ్ల పేరు మీద. పక్క రాష్ట్రంలో రాణి, అక్కడ రాణి మీద తిరగబడ్డవాళ్లు, సెలవు ఒక్కటే. మాంట్రియల్‌లో మా చెల్లెలు మాత్రం నారు నాటేది ఆ రోజు తర్వాతే.

కాకతీయకుర్రోడు (బ్రిస్బేన్)

పేరు ఏదైనా పెట్టుకోండి గానీ మా అక్టోబర్ తేదీ మాత్రం కదపొద్దని నా మనవి. ఈసారి దసరా అక్టోబర్ 2, గురువారం. ఆ రోజు ఇక్కడ ఎవరికీ సెలవుండదు. 4, 5, 6 లాంగ్ వీకెండ్. ఊళ్లో సద్దుల బతుకమ్మ అయిపోయినా మేం 4న ఆడతాం. గునుగు, తంగేడు దొరకవు, బంతి, చామంతి కొంటాం, అప్పటికి జకరండాలు పూస్తాయి కాబట్టి ఊదారంగుకి లోటుండదు. హాల్ కోసం మూడు చోట్ల అడిగాను, ఒకటి 6కే ఖాళీ ఉందంటోంది. బ్రిస్బేన్ వాళ్లు ఎవరైనా ఏమంటారు?

రాత్రిషిఫ్ట్ (మెల్బోర్న్)

అన్నా, 6 వద్దు. పబ్లిక్ హాలిడే రోజైతే హాల్‌వాడు, క్లీనింగ్‌వాడు ఇద్దరూ సర్‌ఛార్జి వేస్తారు. శనివారం దొరక్కపోతే ఆదివారం సాయంత్రం అడిగి చూడు.